ఒకటి శాంక్షన్, ఒకటి పెండింగ్

మా ఆయన భూక్యా హాతీరాం. పేరుకు ముందు ‘మాజీ ఎమ్మెల్యే’ అని రాయకపోతే ఆయనకు కోపం. రాస్తే ఆ ‘మాజీ’ని చూసి ఇంకా కోపం. ఒక్కసారి గెలిచి ఐదేళ్లు ఎమ్మెల్యేగా ఉన్నాడు. అప్పటినుంచి ఓడిపోవడమే ఉద్యోగంగా పెట్టుకున్నాడు. ఓడిన ప్రతిసారీ తప్పు పార్టీది అని తేల్చి పార్టీ మారేవాడు, మెడలో కండువా మారేది. పాత కండువాలు నేను పారేయలేదు. ఒకటి పొయ్యి దగ్గర మసిగుడ్డ అయింది, ఒకటి మోటర్‌సైకిల్ తుడవడానికి పోయింది, మెత్తగా ఉన్నది మనవరాలి ఉయ్యాలలో పరిచాను. ఆయన రాజకీయం వల్ల ఇంటికి ఒరిగిందంటే అదే.

ఆ ఐదేళ్లలో ఆయన నియోజకవర్గానికి చేసిన పని మాత్రం ఒకటుంది. పిల్లలకు పేర్లు పెట్టాడు.

మా తండాల్లో అప్పట్లో అదొక పిచ్చి. పిల్ల పుడితే పేరు పెట్టకుండా ఆపేవాళ్లు. ఎమ్మెల్యే కారు ఎప్పుడొస్తుందా అని చూసి, దానికి అడ్డంపడి, పిల్లను ఆయన చేతుల్లో పెట్టేవాళ్లు. ఆయన నోట్లోంచి ముందు ఏ మాట వస్తే అదే పేరు. ఫోటో దిగడం, డప్పులు కొట్టడం, అయిపోవడం. చిక్కేమిటంటే ఆయన నోరు ఖాళీగా ఉండేది కాదు. ఒక చెవి దగ్గర ఫోను, ఇంకో చెవి దగ్గర పీఏ జైరాం. కరెంటాఫీసుతో మాట్లాడుతూ ఎత్తుకున్నందుకు పక్క తండాలో ఒక పిల్లవాడు ట్రాన్స్‌ఫార్మర్ అయ్యాడు. మీటింగుకు లేటవుతోందని గొణుక్కుంటూ ఎత్తుకున్న పిల్ల ఎజెండా అయింది. ఆ పిల్లకు కూసుమంచి ఊళ్లో సంబంధం కుదిరింది. అత్తగారు మంచి మనిషి, అజంతా అని దిద్దుకుని పిలుచుకుంటోంది.

అందరికీ అలాంటి అత్తగారు దొరకదు కదా.

అప్పుడు నేను ఏఎన్ఎంగా పనిచేసేదాన్ని. మా బోడగుట్ట తండాలో కోటేష్ పెళ్లాం సోనికి కవలలు పుట్టింది నా చేతుల మీదే. ముందు ఆడపిల్ల వచ్చింది. తండా అంతా వినపడేట్టు ఏడుస్తూ వచ్చింది. మగపిల్లవాడు బతిమాలించుకుని, తీరిగ్గా వచ్చాడు. కోటేష్ ఇద్దర్నీ చూసి, “వదినా, అన్న వచ్చేదాకా పేర్లు పెట్టను. పిలిచినా పలకను,” అన్నాడు. పిలవాల్సింది పిల్లల్ని, పలకాల్సింది వాళ్లు. వీడెందుకు పలకడో నాకు అర్థం కాలేదు.

మా ఆయన రోడ్డు శంకుస్థాపనకు వచ్చినప్పుడు ఆ ముచ్చట తీరింది. తండాకు రెండు రోడ్లు అడిగి ఉన్నాం. ఒకటి మా మామిడితోట పక్కనుంచి పోయేది. రెండోది గుట్ట మీదుగా, అడవిలోంచి ములకలపల్లి పోయేది. తోటకు ఎవరూ పోరు, మేము తప్ప. బడికీ దవాఖానాకీ సంతకీ అందరూ పోయేది గుట్ట దారే. స్టేజీ మీద కోటేష్ వచ్చి మా ఆయనకు రెండు చేతుల్లో ఇద్దరు పిల్లల్ని పెట్టాడు. నోటి ముందర మైకు ఉంది. సరిగ్గా అప్పుడే జైరాం చెవిలో, “సార్, రోడ్ల సంగతి జనం అడుగుతున్నరు, ఏం చెప్పాలె?” అన్నాడు.

మా ఆయన మైకులో గట్టిగా అన్నాడు. “ఒకటి శాంక్షన్, ఒకటి పెండింగ్!”

ఇక చూడండి, డప్పులే డప్పులు. కోటేష్ కళ్లనిండా నీళ్లు పెట్టుకుని దండం పెట్టాడు. అవి రోడ్లురా, పేర్లు కావు, తోట రోడ్డు వచ్చింది, గుట్ట రోడ్డు ఆగింది అని నేను అరుస్తూనే ఉన్నాను. డప్పుల్లో నా గొంతు నాకే వినపడలేదు. మా ఆయనకు కారెక్కేటప్పుడు గానీ సంగతి తెలియలేదు. తెలిశాక మాత్రం ఏం చేశాడు? నవ్వాడు. జనం చప్పట్లు కొట్టిన మాటను వెనక్కి తీసుకోవడం ఆయన జన్మలో ఎరగడు.

పిల్లవాడు బానోత్ శాంక్షన్ అయ్యాడు. పిల్ల బానోత్ పెండింగ్ అయింది.

మొదట్లో అందరం నవ్వుకున్నాం. తర్వాత ఆ పేర్లు ఇంట్లో తిష్ట వేశాయి. గుడ్డు ఒకటే ఉంటే శాంక్షన్‌కు, పిల్లది పెండింగ్. సైకిల్ శాంక్షన్‌కు, పిల్లది పెండింగ్. వాడికి ప్రైవేటు బడి, బస్సు. ఈ పిల్ల గుట్టెక్కి దిగి ములకలపల్లి సర్కారు బడికి నడిచింది. ఎవరైనా అడిగితే కోటేష్ నవ్వుతూ, “అన్న అప్పుడే చెప్పిండు గదా,” అనేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆ పేరుతో పిల్లవాడికి మాత్రం ఏం ఒరిగింది? శాంక్షన్ మూడుసార్లు ఇంటర్ రాసి, మోటర్‌సైకిల్ మీద తిరుగుతూ, చివరికి పెళ్లి చేసుకుని కూర్చున్నాడు.

ఆ పిల్ల చదివింది. చదివేకొద్దీ పేరు అడ్డం పడింది. స్కాలర్‌షిప్పుకు పెడితే పేరు దగ్గరా పెండింగే, కింద ‘స్టేటస్’ దగ్గరా పెండింగే. ఏ ఆఫీసుకు పోయినా, ఫైలు మీద పేరు చూసి అక్కడి గుమస్తా దాన్ని తీసుకెళ్లి ఆగిపోయిన ఫైళ్ల కట్టలో పెట్టేవాడు. డిగ్రీ పరీక్షలో ఒక సారు హాల్‌టికెట్ చూసి, “ముందు పేరు తేల్చుకుని రా అమ్మా,” అని బయట నిలబెట్టాడట. ఆ పిల్ల ఇవన్నీ నవ్వుతూ చెప్పేది. వినేవాళ్లకు నవ్వు వచ్చేది కాదు.

మొన్న చలికాలంలో పంచాయతీ ఎలక్షన్లు వచ్చాయి. మా తండా సర్పంచ్ సీటు ఆడవాళ్లకు పోయింది. ఆ సంగతి తెలిసిన పూట మా ఆయన నా వైపు అదోలా చూశాడు. పెళ్లి చూపుల్లో కూడా అంత శ్రద్ధగా చూడలేదు.

“గోరీ, నువ్వు నిలబడుతున్నవ్.”

“ఏడ?”

“సర్పంచ్‌కు. నువ్వు సంతకం పెడితే చాలు. కడమది నేను చూసుకుంటా.”

ఎమ్మెల్యే చేసినవాడికి తండా సర్పంచ్ కుర్చీ ఎందుకంటారా? ఏదో ఒక కుర్చీ కావాలి, దానికి ముందు మాజీ ఉండకూడదు. అంతే. నేను ఎందుకు ఒప్పుకున్నానంటే, గెలిస్తే పంచాయతీ ఆఫీసులో కూర్చుంటాడు, ఇంట్లో నా టీవీకి అడ్డంగా కూర్చోడని.

నామినేషన్‌కు ముందురోజు పెండింగ్ మా ఇంటికి వచ్చింది. నేను చాయ్ ఇచ్చాను. తాగకుండా పక్కన పెట్టి మా ఆయన ఎదురుగా కూర్చుంది.

“పెద్దయ్యా, నా పేరు మార్చాలె.”

“గెజిట్‌కు పెట్టుకో బిడ్డా. జైరాం చూస్తడు.”

“ఎప్పుడో పెట్టిన. ఫోన్ల చూస్తే పెండింగ్ అని వస్తది. అది నా పేరో, నా పనో తెలుస్తలేదు. అది వచ్చినా మా బాపు ఒప్పుకోడు. పేరు పెట్టినోడే తియ్యాలె అంటడు. నీ మాట మైకుల విన్నడు, మైకులనే వినాలంట.”

“ఇప్పుడేమంటవ్ మరి?”

“నలుగుర్ల మైకు పట్టుకొని ఒక్క మాట చెప్పు. అది ఈ పిల్ల పేరు కాదు, నేను రోడ్ల సంగతి చెప్పిన అని. ఇంకేం వద్దు. పైసలొద్దు, నౌకరొద్దు.”

ఒక్క మాట. నేనైతే అక్కడే, మైకు లేకుండానే, తండా చివరిదాకా వినపడేట్టు చెప్పేదాన్ని. మా ఆయన మీసం సవరించుకున్నాడు. “ఎలక్షన్ కానీ బిడ్డా. చూద్దాం,” అన్నాడు.

ఆ పిల్ల లేచి నిలబడింది. “నేను పుట్టినప్పటి సంది అందరు నాకు అదే చెప్తున్నరు పెద్దయ్యా. చెప్పేదాక నీ ఎదురుంగనే ఉంటా మరి,” అని వెళ్లిపోయింది. చాయ్ చల్లారిపోయింది.

“ఒక్క మాటకేం పోయేకాలం?” అని నేను గొడవ పెట్టుకున్నాను. “నీకు తెల్వదు గోరీ,” అన్నాడు. “ఈమెకు మారిస్తే రేపు ట్రాన్స్‌ఫార్మర్ వస్తడు. ఎల్లుండి ఎజెండా వస్తది. తప్పయిందని ఒక్కసారి అన్నోడు మళ్ల లీడర్ గాడు.” అసలు ఇప్పుడు మాత్రం ఏ లీడరో నాకు తెలియదు.

మర్నాడు పెండింగ్ నామినేషన్ వేసింది. ఎదురుగా ఉంటానంటే ఇలా ఉంటుందని ఆయన అనుకోలేదు. మిగిలినవాళ్లు తప్పుకోగా ఇద్దరం మిగిలాం. నాకు ఉంగరం గుర్తు వచ్చింది, ఆ పిల్లకు కత్తెర. మా ఆయన పెళ్లిలో పెట్టని ఉంగరం నాకు గవర్నమెంటు ఇచ్చింది.

ప్రచారం మొదలైన రోజే మా కొంప మునిగింది. ఆటోకు మైకు కట్టి జైరాం తండా అంతా తిరుగుతూ మొదలుపెట్టాడు. “అక్కలారా, చెల్లెళ్లారా! పెండింగ్ పనులన్నీ మేం చేస్తాం! పెండింగ్ రోడ్డు మేం వేస్తాం! పెండింగ్ సంగతి మర్చిపోకండి!” సాయంత్రానికి జనం పెండింగ్ వాళ్ల ఇంటి ముందు చేరారు. “ఎమ్మెల్యే మనుషులే నీ పేరు చెప్పుకుంట తిరుగుతున్నరు, ఇంకేంది, గెలిచినట్టే,” అని అభినందిస్తున్నారు. ఆ పిల్లకు ఆటో లేదు, మైకు లేదు. మా ఖర్చుతోనే ప్రచారం సాగిపోయింది.

మా ఆయన మండిపడి ఆ మాటను నిషేధించాడు. ఇంట్లో గానీ, ఆటోలో గానీ, ఫోనులో గానీ పెండింగ్ అనే మాట వినపడకూడదు. అప్పుడు తెలిసింది ఆయన అసలు కష్టం. ముప్ఫై ఏళ్ల రాజకీయంలో ఆయన మాట్లాడిందంతా ఆ ఒక్క మాట చుట్టూనే. దాన్ని తీసేస్తే ఉపన్యాసంలో ‘నమస్కారం’, ‘జై తెలంగాణ’ మిగిలాయి. ఆ రెండింటి మధ్య దగ్గేవాడు.

చివరి రోజు మీటింగులో ధైర్యం చేసి ఇంకో మాట వెతుక్కున్నాడు. “ఇన్నేండ్ల సంది నా కాని పనులు శానా ఉన్నయి!” అన్నాడు. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన ఊపు మీద ఉన్నాడు. “నా భార్యను గెలిపిస్తే, ఆ కాని పనులన్నీ ఇద్దరం కలిసి, మీ కండ్ల ముందరనే చేస్తం!” అన్నాడు. ముసలివాళ్లు కూడా నేలమీద పడి నవ్వారు. నేను కొంగు మొహాన కప్పుకుని స్టేజీ దిగొచ్చేశాను. ఈ వయసులో నాకీ మర్యాద కూడా జరగాలని రాసి ఉంది.

ఓటు రోజు నేను గులాబీ రంగు కాగితం తీసుకుని అట్ట చాటుకు వెళ్లాను. ఉంగరం మీద గుద్దానా, కత్తెర మీద గుద్దానా అన్నది మీకు చెప్పను. మీకు చెబితే ఆయనకు తెలుస్తుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక లెక్క మొదలైంది. మా ఆయన బడి బయట టెంటు వేయించి, మెడలో ముందే దండ వేసుకుని, డప్పులవాళ్లను పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి బడిలోంచి మైకులో ఆఫీసరు గొంతు వినపడింది. కొత్తవాడు, ఎక్కడో పట్నం నుంచి డ్యూటీకి వచ్చినవాడు. గొంతు సవరించుకుని చదివాడు.

“బోడగుట్ట తండా గ్రామపంచాయతీ. సర్పంచ్... బానోత్... పెండింగ్.”

మా ఆయన చెవికి చివరి మాటే ఎక్కింది. తొడ కొట్టాడు. “చూసినవా! రిజల్ట్ ఆపిండ్రు. మళ్ల లెక్కపెడుతున్నరు. బాగా దగ్గరికొచ్చినం!”

బడి అవతల కుర్రవాళ్లు రంగులు చల్లుకుంటూ ఎగురుతున్నారు. “తొందరపడుతున్నరు పాపం,” అని జాలిపడ్డాడు. జైరాం చేతిలోంచి ఫోను లాక్కుని కొత్తగూడెంలో ఎవరో పెద్ద నాయకుడికి చేశాడు. “అన్నా, మా తండా సర్పంచ్ పెండింగ్ అంటున్నరు. మీరు జర పైన మాట్లాడాలె.” అవతలి పెద్దమనిషి కూడా అంతే. “అట్లెట్ల పెండింగ్ పెడతరు? ఇప్పుడే మాట్లాడతా. నువ్వు ఆడనే కూసో,” అన్నాడు.

మా ఆయన కూర్చున్నాడు. డప్పులవాళ్లు ఒకరొకరే లేచి అవతలి గుంపులో కలిశారు. టెంటు విప్పేవాళ్లు వచ్చి కర్రలు పీకడం మొదలుపెట్టారు. చెప్పే ధైర్యం జైరాంకు లేదు. చివరికి నేనే వెళ్లి పక్కన కూర్చున్నాను.

“లెవ్వు. ఇంటికి పోదాం. ఆ పిల్ల గెలిచింది.”

“పెండింగ్ అన్నరు గదా?”

“అవ్. పెండింగే.”

ఆయనకు అర్థమయ్యేసరికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక దండ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. నాకు జాలేసింది. ఓడింది నేను, ఏడ్చింది ఆయన.

ప్రమాణస్వీకారానికి మా ఇద్దర్నీ పిలవడానికి ఆ పిల్లే స్వయంగా వచ్చింది. పంచాయతీ ఆఫీసు ముందర షామియానా. ముందు వరసలో కోటేష్, సోని, శాంక్షన్. ఆఫీసరు కాగితం అందించబోతే ఆ పిల్ల ఆపి, మైకు తీసుకొచ్చి మా ఆయన చేతిలో పెట్టింది.

“పెద్దయ్యా, ఎలక్షన్ అయిపోయింది. చూద్దామన్నవ్ గదా.”

మైకు దొరికి ఆయనకు చాలా రోజులైంది. లేచి నిలబడ్డాడు. ఆ పిల్ల మొహంలోకి చూశాడు. చేతుల్లో ఎత్తుకున్నప్పుడు చూడలేదు, ఇప్పుడు చూశాడు.

“ఆ రోజు నేను చెప్పింది రోడ్ల సంగతి,” అన్నాడు. “ఈ పిల్లకు నేను పేరు పెట్టలే. పిల్లల మొహాలే చూడలే. తప్పయింది.”

నేను ఆశ్చర్యపోయాను. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండు అనుకున్నాను. కానీ రాజకీయం ఊరికే పోతుందా? తప్పు ఒప్పుకున్న మరుక్షణం దాన్ని ఎవరి మీదకు తోద్దామా అని వెతుక్కున్నాడు.

“అయినా ఒక మాట. ఒకటి శాంక్షన్, ఒకటి పెండింగ్ అన్న. నిజమే. ఏది ఎవరికి అని నేను చెప్పిన్నా? కుడిచేతిల ఎవరున్నరో, ఎడమచేతిల ఎవరున్నరో నాకు తెల్వది. శాంక్షన్ పిల్లగానికి, పెండింగ్ పిల్లకు అని పంచింది నేను గాదు!”

తప్పించుకోవడానికి అన్న మాట. ఆయన బతుకులో అంత నిజమైన మాట ఇంకోటి అనలేదు. డప్పులు లేవు, చప్పట్లు లేవు. అందరం తలా ఒక వైపు చూశాం. ఆ రోజు స్టేజీ కింద ఉన్నవాళ్లం చాలామందిమి ఇక్కడా ఉన్నాం. శాంక్షన్ అంటే మగపిల్లవాడే అని ఎవరికీ ఎవరూ చెప్పలేదు. అందరికీ అలాగే తోచింది. ముందు పుట్టింది ఆడపిల్ల అని తెలిసిన నాకు కూడా, అవి రోడ్లు అని అరవడమే గానీ, అటుది ఇటు ఎందుకు కాకూడదని తట్టలేదు.

కోటేష్ తల ఎత్తలేదు. సోని వాడి వైపు చూసింది. వాడు లేచాడు. తలకు చుట్టిన రుమాలు తీసి చేతిలో పట్టుకుని నడిచి వచ్చాడు.

“సారూ, నా బిడ్డకు నేను పేరు పెడత,” అన్నాడు ఆఫీసరుతో.

ఆఫీసరు కంగారుపడ్డాడు. “ఇప్పుడా? గెలిచినట్టు కాగితం బానోత్ పెండింగ్ పేరు మీద ఉంది. ఆ పేరుతో ప్రమాణం చేయకపోతే ఈమె సర్పంచ్ కాదు. పేరు మార్చుకోవాలంటే, మరి... ఆ ఫైలు ఇంకా...” అని ఆగాడు. మిగిలిన మాట అనడానికి ఆయనకు నోరు రాలేదు. షామియానాలో అందరికీ ఆ మాట తెలుసు.

ఆ పిల్ల నవ్వింది. “కాగితం మీద అదే ఉండనీ సార్. మా బాపు పిలవడానికి పర్మిషన్ అక్కర్లే గదా?”

కోటేష్ వంగి, పురిటిపిల్ల చెవిలో చెప్పినట్టు, ఆ పిల్ల చెవిలో ఏదో అన్నాడు. ఒక్క మాటే. మైకు మా ఆయన చేతిలోనే ఉండిపోయింది కాబట్టి ఎవరికీ వినపడలేదు. ఆ పిల్ల ఆ మాటను ఒకసారి తనలో తాను అనుకుని, కళ్లు తుడుచుకుని, కాగితం తీసుకుంది. “బానోత్ పెండింగ్ అనే నేను,” అని గట్టిగా చదివింది. గుట్ట దారి సంగతే తన మొదటి పని అని చెప్పింది.

ఇంటికి వస్తుంటే దారంతా మా ఆయన ఒకటే గొణుగుడు. “ఏం పేరు పెట్టిండంటవ్?” నియోజకవర్గం నిండా పేర్లు పెట్టినవాడు, తెలియని ఒక్క పేరు కోసం అన్నం సహించక తిరుగుతున్నాడు. కోటేష్‌ను అడిగాడు. “అది మా ఇంటి మాట అన్నా,” అన్నాడట. అప్పటినుంచి రోజూ పొద్దున్నే ఇస్త్రీ చొక్కా వేసుకుని పంచాయతీ ఆఫీసుకు పోతున్నాడు. గుట్ట రోడ్డు సంగతి అడగడానికి వచ్చినవాళ్ల వెనకాల బెంచీ మీద కూర్చుంటాడు. వంతు వచ్చాక ఆ పేరు అడుగుతాడు. “చూద్దాం పెద్దయ్యా,” అంటుందట సర్పంచ్. మర్యాదగా, చాయ్ తెప్పించి మరీ అంటుందట.

ఆ పేరు నాకు తెలుసు. సోని నాకు చెప్పింది. మంచి పేరు, ఆ పిల్లకు అతికినట్టు సరిపోయింది. మా ఆయన రోజూ మొహం వేలాడేసుకుని వచ్చి నా టీవీకి అడ్డంగా కూర్చుంటాడు. “నీకేమన్న తెలిసిందా గోరీ?” అని అడుగుతాడు.

నేనెందుకు చెబుతాను? ఆ పిల్ల ఎన్నేళ్లు ఆగింది, ఆయన్ని కూడా ఆగనీ.